ముప్పై ఒక్క పెట్టెలు

పోయిన వారం మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. నాలుగు పక్కలా ఎర్ర స్టిక్కర్లు, 'గాజు, జాగ్రత్త' అని. తెచ్చినతను దాన్ని గుమ్మంలో పెట్టి సంతకం చేయమన్నాడు. నేను చేయలేదు. పెట్టెను రెండు చేతులా ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాను. లోపల గలగలమంది. "ఇది పగిలిపోయింది" అన్నాను. "ఇప్పకుండ ఎట్ల చెప్తరు మేడమ్?" అని అతను తెల్లబోయాడు. విప్పి చూపించాను. నాగపూర్ నుంచి మా చెల్లెలు పంపిన గాజు గిన్నె, నాలుగు ముక్కలు. అతను వెళ్ళాక తలుపు వేసుకుని కూర్చుంటే ఏడుపు ఆగలేదు. గిన్నె కోసం కాదు. పెట్టెను అలా చెవి దగ్గర పెట్టుకోవడం నాకు నేర్పిన మనిషి పోయి రెండేళ్ళు దాటింది. ఆయన కోసం నేను ఒక్క చుక్క కన్నీరు కూడా పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన పేరు రాయను. తుర్కపల్లిలో మేం పనిచేసిన ల్యాబులో ఆ పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా కనపడేది కాదు. అందరికీ ఆయన దుబాయి అన్న. ఆయన దుబాయి మొహం ఎన్నడూ చూడలేదు, ఎనిమిదేళ్ళు ఉన్నది కువైట్‌లో. కానీ ఆయన సొంతూరు గౌడవెల్లిలో సముద్రం దాటిన ప్రతివాడూ దుబాయి పోయినట్టే. మొదట్లో ఒకరిద్దరికి చెప్పి చూశాడట, తర్వాత ఊరుకున్నాడట. "ఏ ఊరైతేంది మేడమ్, ఎండ ఒక్కటే" అనేవాడు.

నేను ఆ ల్యాబులో స్టోర్స్ చూసేదాన్ని. మాది గుంటూరు వైపు. పెళ్ళయ్యాక దూలపల్లిలో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు తీసుకున్నాం. నాకు నోరెక్కువని మా వాళ్ళందరూ అంటారు, అది అబద్ధమేం కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఆ నోరు దుబాయి అన్న మీద లేచింది.

బొంబాయి వెళ్ళాల్సిన గాజు సామాను అది, సన్నటి మెడలున్న సీసాలు. ఆయన పెట్టెలో సర్ది, మూత పెట్టి, మేకులు కొట్టాడు. బాగానే ఉంది. ఆ తర్వాత పెట్టెను నడుము దాకా ఎత్తి, చేతులు వదిలేశాడు. ధబ్బుమని గచ్చు మీద పడింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"నీకేమన్నా మతి పోయిందా? అవి గాజువి!" అని అరిచాను.

ఆయన నా వంక చూడనైనా చూడలేదు. వంగి, పెట్టెను మళ్ళీ ఎత్తి, చెవికి ఆనించుకుని ఊపాడు. "ఈడ పల్గితె మనం జూస్తం మేడమ్. ఆడ పల్గితె ఎవలు జూస్తరు?" అన్నాడు. నేను నమ్మలేదు, విప్పించాను. ఒక్క సీసాకు గీత పడలేదు. విప్పించినందుకు ఆయన ఏమీ అనలేదు, మళ్ళీ మొదటి నుంచీ సర్దాడు. అందులో పావుగంట పోయింది, లారీవాడు నన్ను తిట్టుకున్నాడు.

పెట్టె మాట్లాడకూడదు. అదీ ఆయన లెక్క. ఊపితే చప్పుడు వస్తే అందులో ఎక్కడో చోటు ఖాళీగా ఉందన్నమాట, ఆ ఖాళీయే సామాను ప్రాణం తీస్తుంది. "పెట్టెల గాలి ఉండాలె గని మాట ఉండద్దు" అనేవాడు. ఇంత పని ఎక్కడ నేర్చుకున్నావన్నా అని అడిగితే, మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారి వైపు చెయ్యి చూపించాడు. ఆ దారి పొడుగునా ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవట. మేం రోజూ కంపెనీ కారులో వెళ్తుంటే నాకు కనపడేవి సున్నం పూసిన ప్లాట్ల రాళ్ళు. ఆయనకు మాత్రం ఆ రాళ్ళ మధ్య ఇంకా పందిళ్ళే కనిపించేవి. "గీడ అనాబ్ తోట ఉండె, బాయికాడ మా షెడ్డు" అంటూ ఖాళీ నేలను చూపించి చెప్పేవాడు. తోటల్లో ద్రాక్షపెట్టెలు కట్టడం ఆయన మొదటి పని. గుత్తిని కాడతోనే పట్టుకోవాలి. పండు మీద తెల్లటి పొడి ఉంటుంది కదా, వేలు తగిలి అది చెరిగితే బొంబాయిలో ఆ పండుకు విలువ పోతుందట. అందుకేనేమో ఆయన ఏ వస్తువునూ నడుమ పట్టుకునేవాడు కాదు. టీ గ్లాసును కూడా పై అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకునేవాడు. జారిపోతుందేమో అని నాకు భయంగా ఉండేది.

ఇంకో అలవాటు. మూత బిగించే ముందు దాని లోపలి పక్క నీలం పెన్సిలుతో మూడు చుక్కలు పెట్టి కింద ఒక గీత గీసేవాడు. తోటల్లో ఒక్కో మనిషికి ఒక్కో గుర్తు ఉండేదట. బొంబాయిలో పండు చెడిపోయిందని ఫిర్యాదు వస్తే అది ఎవరి చేతి పెట్టో తెలియాలి కదా. మా ల్యాబులో ఆ అవసరం లేదు, పెట్టెలు కట్టేది ఆయన ఒక్కడే. "చెయ్యికి అలవాటైంది మేడమ్, పోదు" అనేవాడు.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది ఆయన అడిగే ప్రశ్న. ఏ సామాను తెచ్చి ముందు పెట్టినా, సుత్తి ముట్టుకునే ముందు అడిగేవాడు: "ఎవలది? ఏడికి పోతాంది?" కంపెనీది, కంపెనీ పంపుతోంది, నీకెందుకయ్యా అంటే వినడు. కాగితం చూపించాలి. ఇంగ్లీషు చదవడం ఆయనకు రాదు, కాబట్టి నేను చదివి వినిపించాలి. ఫలానా ఊరికి, ఫలానా ఆసుపత్రికి, వాళ్ళు అడిగితేనే పంపుతున్నాం అని చెబితే, "ఆఁ, గట్ల చెప్పుండ్రి" అని పని మొదలు పెట్టేవాడు. మేనేజర్లు పళ్ళు నూరేవాళ్ళు. అంత పనివాడు మళ్ళీ దొరకడు కాబట్టి ఊరుకునేవాళ్ళు.

ఒకసారి ఆ ప్రశ్న నాకే తగిలింది. మా అమ్మ కాపురానికి వచ్చినప్పటి పచ్చ పింగాణీ జాడీ ఒకటుంది. మా చెల్లెలికి అదంటే ప్రాణం. వేసవిలో ఊరెళ్ళినప్పుడు దాన్ని తెచ్చాను, నాగపూర్ పంపిద్దామని. దుబాయి అన్న దగ్గర పెట్టి, "అన్నా, ఇది నా సొంత పని, కాస్త కట్టిపెట్టు" అన్నాను.

"ఎవలది మేడమ్?"

"మా అమ్మది."

"అమ్మ ఇచ్చిందా, మీరు తెచ్చుకున్నరా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేనేమన్నా దొంగలా కనిపిస్తున్నానా నీకు?"

"గట్ల అనలే మేడమ్. అడిగిన, గంతే." జాడీ వైపే చూస్తున్నాడు. సుత్తి ముట్టుకోలేదు.

నిజం చెప్పాలంటే నేను అడక్కుండానే తెచ్చాను. మా వదిన అందులో ఉప్పు పోసుకుంటుంది. నేను ఆ ఉప్పును డబ్బాలోకి ఒంపేసి, జాడీని చీరలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. పుట్టింటి వస్తువే కదా, అడిగేదేంటి అని. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేస్తే, "నువ్వా తీసుకెళ్ళింది? రెండు రోజులుగా మీ వదిన ఇల్లంతా దేవులాడుతోందే" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. వదినతో మాట్లాడాను, ఆవిడ నాలుగు చురకలు వేసి చివరికి సరే అంది. మర్నాడు వెళ్ళి, "అమ్మ ఇచ్చింది, వదిన కూడా ఒప్పుకుంది, ఇక కడతావా?" అన్నాను. నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది బహుశా రెండుసార్లు, అది మొదటిది. జాడీ చెక్కుచెదరకుండా నాగపూర్ చేరింది. పెట్టె విప్పడానికి మా మరిదికి ఒక పూట పట్టింది.

ఇంత వింత ప్రశ్న ఎందుకు పట్టుకున్నాడో మాకెవరికీ తెలియదు. గల్ఫ్‌లో ఏదో దొంగతనం అంటగట్టి ఉంటారు పాపం, అందుకే భయం అనుకునేవాళ్ళం. మా ఊహ అంతవరకే వెళ్ళింది.

ఆ మరుసటి ఏడాది ఎండలు ముదిరే రోజుల్లో ఇరాక్ మీద యుద్ధం జరిగింది. మా క్యాంటీన్‌లో టీవీ పొద్దస్తమానం అదే చూపించేది. ఒక మధ్యాహ్నం బాగ్దాద్‌లో మ్యూజియం లూటీ అయిందని చూపిస్తున్నారు. పగిలిన అద్దాల అరలు, నేల మీద బొమ్మల ముక్కలు, ఏవేవో మూటలు మోసుకుపోతున్న జనం. భోజనాల దగ్గర ఎవరో, "అరె, కుర్చీలు గూడ ఇడ్శిపెడ్తలేరు సూడు" అని నవ్వారు. దుబాయి అన్న నోటి దగ్గరికి తెచ్చిన ముద్ద అలాగే కంచంలో పడేశాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఒక సరుకు వెళ్ళాల్సి ఉంది. కాగితం పట్టుకుని ప్యాకింగ్ గదికి వెళ్ళాను. సుత్తి చప్పుడు వినపడుతోంది, పని మొదలు పెట్టేశాడే అనుకున్నాను. సామాను అంతా గోడ పక్కనే ఉంది. ఆయన ఖాళీ పెట్టెకు మూత బిగించి మేకు మీద మేకు కొడుతున్నాడు.

"ఏంటన్నా ఇది?" అన్నాను. సుత్తి కింద పెట్టాడు. నాకు భయమేసింది. నీళ్ళు తెచ్చిస్తే తాగలేదు.

"గాళ్ళకు కట్టనీకె రాదు మేడమ్" అన్నాడు. "టీవీల సూడలే? మూటలు గడుతున్నరు. అన్ని పల్గుతయి."

అప్పుడు చెప్పాడు. కువైట్‌లో ఆయన పని ఒక సేటు గోదాములో. బయటి దేశాల నుంచి వచ్చే పింగాణీ, గాజు సామాను పెట్టెలు విప్పడం, కట్టడం. ఆ దేశంలోకి పక్కదేశం ఇరాక్ సిపాయిలు వచ్చిపడ్డ ఏడాది సేటు పారిపోయాడు. పనివాళ్ళు పదిమంది తిండి లేక గోదాములోనే పడి ఉన్నారు. ఒక రోజు సిపాయిలు లారీలో వచ్చి నలుగురిని ఎక్కించుకున్నారు. సామాను మోస్తే రొట్టెలు ఇస్తామన్నారు. తీసుకెళ్ళింది ఒక ఇంటికి.

"ఇల్లు గాదది మేడమ్. మూడు తరాలు జమ జేసినయంట. బంగారు అచ్చరాలున్న గాజు దీపాలు, ఎన్నటియో పళ్ళాలు, తోలు మీద రాసిన కాయిదాలు. ఇంటోళ్ళందరు పారిపోయిండ్రు. ఒక ముసలవ్వ మాత్రం నేను రానని హాల్ల కుర్సి ఏస్కొని కూసున్నది. సిపాయిలు ఆమెను ఏం అనలే. దుప్పట్లు పరిసిండ్రు, దీపాలు, పళ్ళాలు అన్ని అండ్ల ఏసి మూట గట్టిండ్రు. మొదటి మూట మెట్ల మీదికెల్లి గుంజుతుంటె లోపట ఒక్కొక్కటి పల్గుతున్న సప్పుడు. టక్కు, టక్కు అని. నేను ఇనలేకపోయిన."

పక్కనున్న సుత్తిని దూరంగా జరిపాడు.

"నేనే పోయి సిపాయి చెయ్యి పట్టుకున్న. ఆగు, నేను కడ్త అన్న. నన్ను ఎవ్వరు కట్టుమనలే మేడమ్. మోసుడే మా పని. నేనే అన్న."

దౌర్జన్యంగా చేయించారని చెబుతాడు, అయ్యో అందాం అని కూర్చున్నదాన్ని. ఈయన తానుగా ముందుకెళ్ళి అడిగాడట!

సిపాయిలకూ అది నచ్చింది. గోదాము నుంచి పెట్టెలూ, పలకలూ, మేకులూ తెప్పించారు. కాగితం చాలకపోతే ఆ ఇంటి పరుపులూ దిండ్లూ చింపి దూది తీశాడు. ముసలావిడ కళ్ళ ముందే చింపాడు. దీపాలను అంచు పట్టుకుని ఎత్తాడు, తోలు కాగితాలను పట్టుగుడ్డల మధ్య పరిచాడు, సన్నటి మెడలున్న పాత్రలకు మెడ చుట్టూ దూది చుట్టాడు. నాలుగు రోజులు అదే పని. ముప్పై ఒక్క పెట్టెలు. ప్రతి పెట్టెనూ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇల్లు ఖాళీ అయింది, గోడలకు మేకులు మాత్రం మిగిలాయి.

"ఆఖరి పెట్టె లారీల ఎక్కినంక అవ్వ కుర్సిలకెల్లి లేశి నా ముంగటికి వచ్చింది. ఏమన్నదో చెప్పాల్నా మేడమ్? 'నువ్వు రాకుంటె గీళ్ళు సగం పల్గగొడుతుండిరి, తక్కిన సగం యాష్టకొచ్చి ఇడ్శిపెట్టి పోతుండిరి. గా సగమన్న నా ఇంట్ల మిగులుతుండె. గీళ్ళకు దొంగతనం చాత గాదు. నువ్వు నేర్పినవ్. అసలు దొంగవు నువ్వే.' గిట్ల అన్నది. గట్టిగ గూడ అనలే. సల్లగ అన్నది."

"నీకు అరబ్బీ అంత బాగా అర్థమవుతుందా అన్నా?" అన్నాను, ఏం అనాలో తెలియక.

"ఎనిమిదేండ్లు మేడమ్. కలలు గూడ గా భాషలనే పడుతుండె."

తర్వాత ఒక విచిత్రమైన నవ్వు నవ్వాడు. రెండోది అదే, నేను చూడకుండా ఉంటే బాగుండేది. "నా తెలివి సూడుండ్రి. ముప్పై ఒక్కటింటికి మూత లోపట గుర్తు పెట్టిన. మూడు సుక్కలు, గీత. పండు ఖరాబైతె ఎవలదో తెల్వాలె గద! దొంగతనానికి దస్కతు జేసి వచ్చిన."

అప్పుడు నేనొక మాట అన్నాను. ఈ వయసులో తలుచుకున్నా నాలుక కొరుక్కుంటాను. ఓదార్చడం చేతకాని నోరు నాది. "అయ్యో అన్నా, మరి ఆవిడ అన్నది నిజమే కదా!" అనేశాను.

ఆయన తల ఊపాడు. "నిజమే" అన్నాడు. గోడ పక్క ఉన్న సామాను ముందుకు జరుపుకుని, "ఎవలది ఇది? ఏడికి పోతాంది?" అని అడిగాడు. నేను కాగితం చదివి వినిపించాను.

ఆ వారమంతా నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఉదయం కారులో వెళ్తుంటే శామీర్‌పేట దారిలో తన పాత మోపెడ్ మీద ఎండలో వెళ్తూ కనపడేవాడు. తల తిప్పుకునేదాన్ని. ఒక రోజు ఆయన దొంగే అనిపించేది, ఎంత ధైర్యం, ఆ ముసలావిడ దిండ్లు చింపి దూది తీస్తాడా అని కోపం వచ్చేది. మర్నాడు, ఆ మెట్ల మీద నేనుంటే ఏం చేసేదాన్ని, చెవులు మూసుకుని నిలబడేదాన్నా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. మా ఆయనకు చెబితే, "అంత ఆలోచిస్తావెందుకు, ప్రాణం దక్కించుకోవడానికి చేసి ఉంటాడు" అన్నారు. ప్రాణం కోసం కాదండీ, పళ్ళాల కోసం చేశాడు అంటే ఆయనకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ఒక రోజు భోజనాల వేళ దుబాయి అన్న నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మామూలుగా స్టోర్స్ లోపలికి అడుగు పెట్టడు.

"మేడమ్, మీ కంప్యూటర్ల దొర్కుతదా?"

"ఏంటన్నా?"

"గా పెట్టెలు మల్ల ఇంటికి చేరినయా లేవా. నాకు గదొక్కటి ఎర్కైతె సాలు. చేరితె, నేను వాపస్ వచ్చెతందుకు కట్టిన అనుకుంట. చేరకుంటె అవ్వ మాటనే ఖాయం."

పన్నెండేళ్ళుగా ఈ మనిషి మోస్తున్నది ఇదన్నమాట. నేను వెతికాను. ఆ ఇల్లున్న పేట పేరు, ఇంటివాళ్ళ పేరు ఆయనకు గుర్తున్నాయి. మధ్యాహ్నాలు అన్నం తింటూ వెతికేదాన్ని. నెలరోజులకు ఆ కుటుంబం సేకరించిన పాత గాజు దీపాల గురించి ఒక పేజీ దొరికింది, అడుగున ఒక చిరునామా ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషులో అంతా రాశాను, ముసలావిడ అన్న మాట ఒక్కటి తప్ప. అది రాయడానికి మనసొప్పలేదు. మూత లోపలి నీలం గుర్తు సంగతీ రాశాను. పంపాక భయమేసింది. వాళ్ళు ఈయన మీద కేసు పెడితే? అదే ఆయనతో అంటే, "పెట్టనీయుండ్రి. అప్పుడన్న తెలుస్తది గద" అన్నాడు.

వానాకాలం వెళ్ళిపోయింది. జవాబు రాదనే అనుకున్నాను. ఆయన రోజూ అడిగేవాడు కాదు, కానీ భోజనాల వేళ నా కిటికీ ముందు నుంచి ఒకసారి నడిచి వెళ్ళేవాడు. ఒక ఉదయం జవాబు వచ్చి ఉంది. రాసింది ఆ ముసలావిడ మనవరాలు. నేను పరుగెత్తుకుంటూ ప్యాకింగ్ గదికి వెళ్ళి, ఆయన్ని నా బల్ల దగ్గరికి పిలుచుకొచ్చి, తెలుగులో చెబుతూ చదివాను.

దుప్పట్లలో కట్టి తీసుకెళ్ళినవి ఒక్కటీ తిరిగి రాలేదట. అప్పటి యుద్ధం అయ్యాక ఎక్కడెక్కడో దొరికిన సామాను వాపసు చేస్తున్నప్పుడు పెట్టెలు వచ్చాయి. ముప్పై ఒకటిలో ఇరవై రెండు. మూత లోపలి నీలం గుర్తును ఇన్నాళ్ళూ సైన్యం వాళ్ళ సంకేతం అనుకున్నారట. ఇరవై రెండింటిలోనూ ఒక్క వస్తువు పగల్లేదు.

నేను గంతులు వేసినంత పని చేశాను. "విన్నావా అన్నా? ఇరవై రెండు! ఒక్కటీ పగల్లేదట!" అన్నాను.

"తొమ్మిది రాలేదా?" అన్నాడు.

తొమ్మిది రాలేదని ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఆయన లెక్క కట్టుకున్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "ఇంకేమన్న రాసిన్రా?" అని అడిగాడు.

రాశారు. నేను చదవడానికి తటపటాయించింది అక్కడే. మా నాయనమ్మ బతికే ఉంది, తొంభై దాటాయి, మంచం మీదే ఉంటోంది అని రాసింది ఆ అమ్మాయి. మీ ఉత్తరం చదివి వినిపించిన రోజు నుంచి ఆమె ఒక్కటే అడుగుతోంది. ఆ ఆఖరి రోజు తాను ఆ మనిషిని ఒక మాట అన్నదట. అది అతనికి అర్థమైందా? అతనికి అరబ్బీ వచ్చా? ఇది తెలుసుకుని చెప్పమని మమ్మల్ని పట్టి పీడిస్తోంది, సరిగ్గా తినడం లేదు. దయచేసి అడిగి రాయండి.

నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. "చూశావా అన్నా, ఆవిడ బాధపడుతోంది! ఆ మాట వెనక్కి తీసుకుంటుంది. అర్థమైందని రాస్తాను. పన్నెండేళ్ళు ఆ మాట మోశానని కూడా రాస్తాను. క్షమించమని అడగనీ, నీకు ఆ హక్కు ఉంది" అన్నాను. అప్పటికే ఇంగ్లీషులో మొదటి వాక్యం కొట్టేస్తున్నాను కూడా.

"రాదని రాయుండ్రి" అన్నాడు.

"ఏంటి?"

"నాకు అరబ్బీ రాదు. ఆమె ఏమన్నదో నాకు సమజ్ గాలేదు. గట్ల రాయుండ్రి."

అమ్మ ఇచ్చిందా, తెచ్చుకున్నరా అని ఒక జాడీ దగ్గర నన్ను నిలదీసిన మనిషి, నా చేత అబద్ధం రాయించబోతున్నాడు. నాకు కోపం కూడా వచ్చింది. "ఎందుకన్నా? అర్థమైందంటేనే కదా, నీది తప్పు కాదని ఆవిడ చేత అనిపించవచ్చు. ఆ ఒక్క మాట కోసమే కదా ఇన్నేళ్ళు ఎదురుచూశావు?"

"ఆమె అన్నది తప్పు గాదు మేడమ్. తొమ్మిది పోయినయి గద. గా బరువు నాది, నా దగ్గరనే ఉంటది. తొంబై ఏండ్ల అవ్వకు నేనెందుకు ఇయ్యాలె?"

అప్పటికి కొట్టిన వాక్యాన్ని చెరిపేశాను. ఆయన తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఇంకొక్కటి రాయుండ్రి మేడమ్. మొదటి మూడు దినాలు సిపాయిలు మాకు నీళ్ళు ఇయ్యలే. అవ్వనే లేశి లోపటికి పోయి, తన చేత్తోని నాకు నీళ్ళు తెచ్చిచ్చింది. గది మాత్రం యాదికున్నదని రాయుండ్రి."

ఈ నీళ్ళ సంగతి ఆయన అంతవరకూ నాకు చెప్పలేదు. ఆయన చెప్పినట్టే రాశాను. ముందు నీళ్ళ మాట. దాని కింద, ఆయనకు అరబ్బీ ఒక్క ముక్క కూడా రాదు అని.